గుర్తు మందు

ఉచ్చ పోసేటప్పుడు మనిషి అబద్ధం ఆడలేడని రాఘవేందర్ నమ్మకం. నోరు అబద్ధం ఆడుతుంది, కళ్లనీళ్లు ఆడతాయి, పిల్లల మీద పెట్టిన ఒట్టు కూడా ఆడుతుంది. వెనక జానెడు దూరంలో ఒకడు నిలబడి కన్నార్పకుండా చూస్తుంటే ఒంట్లోంచి బయటికి వచ్చేది మాత్రం నిజం. పంజాగుట్ట మెట్రో పిల్లర్ల దగ్గర్నుంచి రెండు సందులు లోపలికి వెళితే వచ్చే 'కొత్తబాట' డీ-అడిక్షన్ సెంటర్లో ఆరేళ్లుగా అతని ఉద్యోగం అదే. పేరుకి వార్డు ఇన్‌చార్జి. చేసే పని, ప్రతి శుక్రవారం ఇరవై మంది మగవాళ్ల వెనక బాత్రూములో నిలబడడం.

ఆ పనిలో అతను ఆరితేరినవాడు. చంకలో బెలూను దాచుకున్నవాణ్ణి నడక చూసి పట్టేవాడు. తొడకి సీసా కట్టుకున్నవాణ్ణి లుంగీ మడత చూసి పట్టేవాడు. నీళ్లు కలిపితే రంగు బయటపెట్టాలని ఫ్లష్ ట్యాంకులో నీలిమందు పోసేవాడు. సీసా చేతికి రాగానే మణికట్టు లోపలివైపు ఆనించి వెచ్చదనం చూసేవాడు. దొరికినవాణ్ణి స్టోర్ రూములోకి తీసుకుపోయేవాడు. అక్కడ పాత పరుపుల వెనక మూరెడు గ్యాస్ పైపు ముక్క ఒకటి ఉండేది. అరికాళ్ల మీద కొడితే పైకి కనపడదని అతనికి ఎవరూ పాఠం చెప్పలేదు. ఇదే సెంటర్లో తను మత్తు మానడానికి చేరి ఉన్న రోజుల్లో తన అరికాళ్లే చెప్పాయి.

నాలుగు వారాల కిందట కొత్తగా వచ్చిన డాక్టర్ మధులత ఆ పనికి స్వస్తి చెప్పేసింది. ఆవిడ ఒక అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టింది. అందులో మూతలున్న చిన్న ప్లాస్టిక్ కప్పులు, ఒక్కో దాంట్లో రెండు చెంచాల తెల్లటి జిగురు నీళ్లు.

"ఇది మత్తు కాదు, ఒంటికి ఏమీ చెయ్యదు," అంది. "తాగిన అరగంటకి మూత్రంలోకి వచ్చేస్తది. ఒక్కొక్కరి కప్పులో ఒక్కో రకం. ఎవరికి ఏ రకమో అమీర్‌పేట ల్యాబ్ వాళ్లకే ఎరుక. సీసాలో ఆ మనిషి గుర్తు కనిపిస్తే అది ఆ మనిషిదే. పక్కోడిది అడుక్కొచ్చి పోస్తే పక్కోడి గుర్తు పడతది. బయటోడిది, నిన్నటిది తెస్తే ఏ గుర్తూ ఉండదు. ఇంక మీరు బాత్రూములో నిలబడే పని లేదు. తలుపు పెట్టుకుని పోసుకోనీయండి."

రాఘవేందర్ ఒక కప్పు ఎత్తి వెలుతురులో పట్టి చూశాడు.

"ఒక్కటే జాగ్రత్త. మింగేది మీరు కళ్లతో చూడాలె. నోరు తెరిపించి, నాలుక ఎత్తించి, అప్పుడే రిజిస్టర్లో సంతకం పెట్టండి. ఇదంతా ఆ ఒక్క సంతకం మీదనే ఉంది."

అతనికి చాలా అవమానంగా తోచింది. "ఆరేండ్ల సంది కింద కావలి ఉంటే, ఇప్పుడు నోటికాడికి తెచ్చి నిలవెట్టిర్రు," అని వంట చేసే వజ్రమ్మ దగ్గర వాపోయాడు. ఆమె నవ్వి, "ప్రమోషనే గదనె," అంది.

ఈ పద్ధతి వచ్చిన నాలుగో శుక్రవారం పరీక్ష వేళ మారింది. ఇదివరకు సాయంత్రం నాలుగింటికి జరిగేది. ల్యాబ్ బండి ఇకనుంచి ఒంటిగంటకే వస్తుందని ఉదయం పదకొండింటికి మార్చారు. రాఘవేందర్ ట్రేలో కప్పులు వరుసగా పెట్టుకుని వాష్ బేసిన్ల దగ్గర నిలబడ్డాడు. ఒక్కొక్కడూ వచ్చి తన నంబరు చెప్పడం, కప్పు అందుకుని గటగటా తాగడం, నోరు బార్లా తెరవడం. పది మంది అయ్యారు.

పదకొండో నంబరు నేతన్. సనత్‌నగర్ వర్క్‌షాపులో లేత్ మెషిన్ మీద పనిచేసేవాడు. గంజాయి మత్తులో మెషిన్ దగ్గర వేలు పోగొట్టుకోబోతే, మూడు నెలల కిందట భార్య సెరీనా తనే వెంటబెట్టుకొచ్చి చేర్చింది. అతనికిదే ఆఖరి పరీక్ష. నెగ్గితే మంగళవారం ఇంటికి. ఓనరు ఆ రోజుదాకా అతని మెషిన్ ఇంకొకరికి ఇవ్వనన్నాడట. తప్పితే సెంటర్ రూలు ప్రకారం ఇంకో మూడు నెలలు ఇక్కడే. అప్పటికి మెషిన్ ఉండదు, పని ఉండదు, సెరీనా ఓపిక కూడా ఉంటుందో ఉండదో.

నేతన్ కప్పు చేతిలోకి తీసుకుని తాగకుండా నిలబడ్డాడు.

"అన్నా, మూడు దాటినంక తాగుత. ఉపాసం ఉన్న."

"బండి ఒంటిగంటకొస్తది. నీ ఉపాసం కోసం ఆగదు."

"నీళ్లు సుత ముట్టలే అన్న. ఏడో శుక్రవారం ఇది. ఇంకో నాలుగు గంటలైతే మొక్కుబడి తీర్తది. గిన్ని దినాలు ఆగి ఇప్పుడు తప్పిస్తే ఎట్ల?"

"గిదేమన్న బిర్యానీయా? రెండు చెంచలు. తాగు జల్ది."

వెనక తొమ్మిది మంది నిలబడి ఉన్నారు. పక్క బేసిన్ దగ్గర పెంటయ్య అనే ముసలి టైలరు నల్లా ధారగా వదిలి మొహం కడుక్కుంటున్నాడు. నేతన్ కప్పుకేసి కాసేపు చూశాడు.

"అయితే ప్రార్థన చేసుకొని తాగుత," అన్నాడు.

రాఘవేందర్ వాళ్లది కొమురెల్లి మల్లన్నని కొలిచే ఇల్లు. అయితే ఈ సెంటర్ నడిపేది దయారత్నం. ఆయన రాజ్యంలో ప్రార్థన లేకుండా పూట గడవదు. టిఫిన్‌కి ముందు ప్రార్థన, క్లాసుకి ముందు ప్రార్థన, కొత్తవాడొస్తే ప్రార్థన. ప్రార్థనలో కళ్లు తెరిచినవాడు దొంగ అని ఆయన సిద్ధాంతం. మొదట్లో ఒకసారి కళ్లు తెరిచి దిక్కులు చూస్తున్నాడని రాఘవేందర్ వీపు మీద అందరి ముందూ ఒక్కటి వేశాడు. ఆరేళ్లలో అది ఒంటికి పట్టిపోయింది. ఎవరైనా ఆ మాట అంటే చాలు, అతని చెయ్యి రొమ్ము మీదికి పోతుంది, తల వంగుతుంది, రెప్పలు పడతాయి. ఇరవై మంది మొలల మీంచి ఏనాడూ చూపు తిప్పని మనిషి అప్పుడు కూడా అలాగే కళ్లు మూసుకున్నాడు.

ప్రార్థన పొట్టిదే. నల్లా చప్పుడులో సగం వినిపించలేదు. ఆమెన్ అన్నాక కళ్లు తెరిస్తే కప్పు ఖాళీగా ఉంది. నేతన్ చేత్తో పెదవులు తుడుచుకుంటున్నాడు. నోరు తెరవమని అడగాలి. అప్పుడే దేవుడితో మాట్లాడిన నోటిని తెరువు, నాలుక ఎత్తు అనడం రాఘవేందర్‌కి ఎందుకో ఎబ్బెట్టుగా అనిపించింది. రిజిస్టర్లో పదకొండో నంబరు ఎదురుగా 'నా సమక్షంలో తాగినాడు' అన్నచోట సంతకం పెట్టి, పన్నెండో వాణ్ణి పిలిచాడు.

*

సోమవారం పొద్దున్నే అతను నడుచుకుంటూ అమీర్‌పేట వెళ్లి ల్యాబులో రిపోర్టుల కవరు తీసుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు మెట్రో కింద ఫుట్‌పాత్ మీద కోచింగ్ పిల్లలు బ్యాగులు తగిలించుకుని అడ్డంగా నడుస్తుంటే, వాళ్లని భుజంతో తోసుకుంటూ వచ్చాడు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది.

దయారత్నం కత్తెరతో కవరు అంచు జాగ్రత్తగా కత్తిరించాడు. గుంటూరు వైపు మనిషి. తెల్ల చొక్కా, మెత్తటి గొంతు. ఒక్కో కాగితం చదువుతూ పక్కన పెడుతూ ఒకచోట ఆగాడు.

"పదకొండో నంబరు. గంజాయి లేదు. గుర్తు మందు కూడా లేదు." కళ్లజోడు తీశాడు. "అంటే ఏంటి రాఘవేందర్?"

"ఆనిది కాదన్నట్టు సార్."

"అంతేగా మరి. ఎవడో శుభ్రమైనవాడిది తెచ్చి పోశాడు. నువ్వు తాగించావు కదా?"

"తాగించిన."

"కళ్లారా చూశావు కదా?"

"చూసిన సార్."

"రేపు డాక్టర్ గారు వస్తారు. ఆవిడ వచ్చేలోగా ఎవడిచ్చాడో నాకు పేరు కావాలి. మెల్లగా అడుగు."

మెల్లగా అడగడమంటే చప్పుడు బయటికి రాకుండా అడగడం. ఆ భాష రాఘవేందర్‌కి కొత్త కాదు.

నేతన్ వంటింటి గడప దగ్గర కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తున్నాడు. రేపు ఇంటికి వెళ్లేవాడి హుషారు మొహంలో తెలుస్తోంది. రాఘవేందర్ అతని చొక్కా కాలరు పట్టుకుని లేపాడు. ఒళ్లోని పొట్టు అంతా నేల మీద పడింది. మాట్లాడకుండా స్టోర్ రూములోకి ఈడ్చుకుపోయి, గడియ పెట్టి, ఇనప మంచం మీదికి బోర్లా తోసి, రెండు కాళ్లూ తువ్వాలుతో మంచం కోడుకి బిగించాడు. చెప్పులు తీసి పక్కన పెట్టాడు. ఎప్పుడూ ఆ వరసే.

"ఎవని ఉచ్చ?"

"ఏందన్నా?"

పైపు గాలిలో లేచి కుడి అరికాలు మీద పడింది. నేతన్ ఒళ్లంతా విల్లులా లేచి మళ్లీ పడింది. రెండోది ఎడమ కాలు మీద. మూడోది మడమ మీద. మడమ ఎముక దగ్గర దెబ్బ చప్పుడు వేరుగా ఉంటుంది.

"ఎవనిదో చెప్పు. కాగితంల గుర్తు పడలే. ఎవనిది తెచ్చి పోసినవ్?"

"నాదే అన్న. ఏసయ్య తోడు, నాదే."

మరి నాలుగు పడ్డాయి. నేతన్ పరుపు గుడ్డని పళ్లతో కరిచి పట్టుకున్నాడు. వదిలాక మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది.

"మందు తాగలే అన్న. పారబోసిన. మొక్కుబడి తప్పుతదని. ప్రార్థనల నువ్వు కండ్లు మూసుకున్నవ్ గద. గప్పుడు బేసిన్ల పోసిన. పాణం ఒప్పలే. తప్పయింది. గని ఉచ్చ నాదే అన్న, గంజాయి ముట్టక తొంబై దినాలైంది."

పైకెత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. అది నిజమని రాఘవేందర్‌కి ఆ క్షణంలోనే తెలిసిపోయింది. నల్లా చప్పుడు గుర్తొచ్చింది. తుడుచుకున్న పెదవుల మీద జిగురు మెరుపు లేదని, అందరికీ ఉండే ఆ మెరుపు ఇతనికి లేదని ఇప్పుడు గుర్తొచ్చింది. దొంగకి తేలు కుట్టినట్టయింది అతని పని. ఇది నిజమైతే సంతకం అబద్ధం. సంతకం అబద్ధమైతే ఉద్యోగం లేదు, తను పడుకునే మెట్ల కింది గది లేదు, ఈ ఊళ్లో తనని మనిషిగా నిలబెట్టిన ఒకే ఒక్క పేరు, వాడి కళ్లు ఎవరూ కప్పలేరన్న పేరు, అదీ లేదు.

భయమేసింది అతనికి. ఆ భయంతోనే కొట్టాడు. ఇంతకు ముందు కొట్టినవి దెబ్బలే కాదు అన్నట్టు కొట్టాడు.

"తాగినవ్. నా ముంగట తాగినవ్."

"తాగలే అన్న."

పైపు.

"తాగినవ్."

"తాగలే..."

పైపు. పైపు. అరికాలి చర్మం ఒకచోట చిట్లింది. ఎప్పుడూ చిట్లనిచ్చేవాడు కాదు, అది పనితనం తెలియనివాళ్లు చేసే పని. ఇప్పుడు పనితనం గుర్తులేదు. చెమట కళ్లలోకి కారుతుంటే మోచేత్తో తుడుచుకుని మళ్లీ ఎత్తాడు.

"తాగిన," అన్నాడు నేతన్. "తాగిన అన్న. నీ ముంగటనే తాగిన."

"మల్లొకసారి."

"తాగిన అన్న. నీ ముంగటనే తాగిన."

రాఘవేందర్ మంచం అంచున కూలబడి రొప్పాడు. సగం పని అయింది. ఇక పేరు కావాలి.

"మరి సీసల ఎవనిది?"

"పెంటయ్య తాతది," అన్నాడు నేతన్ వెంటనే.

"పెంటయ్య సుత తాగిండు. ఆయనదైతే ఆయన గుర్తు పడ్తుండె. తాగనోని పేరు చెప్పు."

నేతన్ బుగ్గ పరుపుకి ఆనించి ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. బళ్లో లెక్క రాని పిల్లవాడు పంతులు బెత్తం కింద ఆలోచించినట్టు.

"వార్డుల అందరు తాగిర్రు అన్న."

"తాగనోడెవడు?" పైపు మళ్లీ లేచింది.

"నువ్వే."

"ఏందిరా?"

"తాగనోనివి నువ్వొక్కనివే అన్న. నీదే. నీదే పోసిన. ఇగ కొట్టకు."

అందులో కసి లేదు, ఎదురు తిరగడం లేదు. సరైన జవాబు దొరికిందన్న ఊరట ఉంది. అది రాఘవేందర్ భరించలేకపోయాడు. జుట్టు పట్టి తల తిప్పి మొహం మీద పిడికిలితో గుద్దాడు. పెదవి చిట్లి రక్తం పరుపు మీద పడింది. ఇంకోటి గుద్దబోతూ తలుపు అవతల బకెట్టు కింద పెట్టిన చప్పుడు విని ఆగాడు. గడియ తీసి చూస్తే పెంటయ్య. ముసలివాడి చేతిలో తడిగుడ్డ ఉంది. నేల తుడవడానికి వచ్చినవాడు తుడవడం మానేసి ఎంతసేపట్నుంచి నిలబడ్డాడో తెలియదు.

మధ్యాహ్నం భోజనాలకి వార్డు వార్డంతా సీసాలోది రాఘవేందర్‌దేనన్న మాట పాకింది. రాఘవేందర్ వడ్డిస్తుంటే ఎవరూ పళ్లెం ముందుకి జరపలేదు. ఎవడో వెనక బల్ల దగ్గర నవ్వాడు.

మూడింటికి దయారత్నం పిలిపించాడు.

"కంచే చేను మేస్తే ఏం చెయ్యాలో చెప్పు రాఘవేందర్. ఎన్నాళ్ల నుంచి ఇస్తున్నావు నీది వాళ్లకి?"

"సార్, దెబ్బలకు అట్ల అన్నడు. ఆనికి ఏమనాల్నో తెల్వక అన్నడు."

"దెబ్బలా?" దయారత్నం కళ్లు పెద్దవయ్యాయి. "నేను కొట్టమన్నానా? అడగమన్నాను."

ఆరేళ్ల పాటు విన్న ఆ మెత్తటి గొంతులో ఇంత చల్లదనం ఉందని రాఘవేందర్ ఎప్పుడూ గమనించలేదు.

"రేపు డాక్టర్ గారి ముందు తేల్చుకో. ఆ సీసాలో ఉన్నది నీది కాదని నువ్వే రుజువు చేసుకో. లేకపోతే పోలీసులకి అప్పజెప్తాను."

రుజువు ఒక్కటే ఉంది. పొద్దున తను పైపుతో లోపలికి కుక్కిన నిజం. దాన్ని మళ్లీ బయటికి తియ్యాలి. రాఘవేందర్ వజ్రమ్మ దగ్గర వేడి టీ, పసుపు, కొబ్బరినూనె తీసుకుని నేతన్ మంచం దగ్గరికి వెళ్లాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అని లోకం ఊరికే అనలేదు. పొద్దున జుట్టు పట్టిన చేత్తోనే ఇప్పుడు కాళ్లు పట్టుకున్నాడు. అరికాళ్లు ఉబ్బి నల్లబడి వేళ్లు కూడా వేరుగా కనపడడం లేదు. అతని చెయ్యి తగలగానే నేతన్ మోకాళ్లు కడుపులోకి ముడుచుకున్నాడు.

"కొట్ట. నూనె రాస్త, గంతే. ఇను నేతన్. రేపు డాక్టరమ్మ అడుగుతది. అసల్ది చెప్పు."

"తాగిన అన్న. నీ ముంగటనే తాగిన."

"అది కాదు తమ్మి. పారబోసినవ్ గద? ప్రార్థనల? గదే చెప్పు. నీకు మంచిదే, నాకు మంచిదే. ఇంటికి పోతవ్."

నేతన్ అతని మొహంలోకి చూశాడు. ఇది ఏ రకం పరీక్షో, ఏ జవాబుకి దెబ్బ పడుతుందో వెతుక్కున్నాడు. ఎంతకీ తేల్చుకోలేకపోయాడు.

"తాగిన అన్న," అన్నాడు మెల్లగా.

రాఘవేందర్ మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ అదే మాట. టీ చల్లారిపోయింది. అరుద్దామని నోటిదాకా వచ్చింది. అరిస్తే ఈ మనిషి ఇంకో పేరు చెబుతాడే తప్ప నిజం చెప్పడని అర్థమై, పసుపు గిన్నె మంచం కింద పెట్టి లేచిపోయాడు.

*

మంగళవారం పదింటికి సెరీనా వచ్చింది. ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా, ప్యాంటు సంచిలో పెట్టుకుని కింద బెంచీ మీద కూర్చుంది. మధ్యాహ్నం షిఫ్టుకి వర్క్‌షాపులో దించేస్తానని ఓనరుతో చెప్పి వచ్చిందట. ఆ మాట వజ్రమ్మకి చెబుతుంటే పై మెట్ల మీంచి రాఘవేందర్ విన్నాడు.

పై గదిలో డాక్టర్ మధులత రిపోర్టు, రిజిస్టరు పక్కపక్కన పెట్టుకుని కూర్చుంది. దయారత్నం తన కుర్చీలో ఉన్నాడు. నేతన్‌ని తీసుకురమ్మంటే ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చారు. పాదాల అంచుల మీద నడుస్తూ వచ్చాడు.

"కూర్చో నేతన్," అంది ఆవిడ. "శుక్రవారం కప్పు తాగినవా?"

"తాగిన మేడం. అన్న ముంగటనే తాగిన."

"తాగితే గుర్తు పడాలె గద. పడలేదు. మరి సీసాలో ఉన్నది ఎవరిది?"

నేతన్ తల తిప్పి రాఘవేందర్‌ని చూశాడు. మొహం చూడలేదు, చేతులు చూశాడు.

"అన్న ఎవరిదంటే వాళ్లది మేడం," అన్నాడు.

డాక్టరమ్మ లేచి వచ్చి అతని ముందు నేల మీద మోకాళ్ల మీద కూర్చుంది. కుడి పాదం చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. చిట్లిన చోట కట్టిన గుడ్డ అంటుకుపోయి ఉంది.

"ఎవరు చేసిర్రు ఇది?"

"బాత్రూములో జారిపడ్డాడని విన్నానండీ," అన్నాడు దయారత్నం.

ఆవిడ ఆయనకేసి చూడలేదు. రిజిస్టరు తీసి రాఘవేందర్ ముందు పెట్టింది. "ఇది మీ సంతకం. ఇతను మింగడం మీరు చూసిర్రా?"

ఒక్క మాట చాలు. చూసిన అంటే చాలు. బయటినుంచి ఎవడో తెచ్చిచ్చాడని కాగితం రాసుకుంటారు, నేతన్ ఇంకో మూడు నెలలు ఉంటాడు, తన సంతకం నిలబడుతుంది. దయారత్నం కళ్లు కూడా ఆ మాటే అనమంటున్నాయి. రాత్రంతా రాఘవేందర్ ఆ మాట అనడానికే సిద్ధపడ్డాడు. అనబోతూ నేతన్ వైపు చూశాడు. నేతన్ పెదవులు చప్పుడు లేకుండా కదులుతున్నాయి. చూసిండు, చూసిండు అని రాఘవేందర్ అనబోయే మాటని అతనే ముందుగా సర్దుకుంటున్నాడు, ఎక్కడైనా తేడా వస్తే మళ్లీ దెబ్బలు పడతాయేమోనని.

రాఘవేందర్ రిజిస్టరు మూసేశాడు.

"చూడలే మేడం," అన్నాడు.

"గట్టిగా చెప్పండి."

"చూడలే. ప్రార్థన చేసుకుంటనంటే కండ్లు మూసుకున్న. తెరిచేసరికి పారబోసిండు. ఉపాసం ఉండె ఆనికి. ముందుగాల అడిగిండు, మూడైనంక తాగుతనని. నేనే వద్దన్న. నోరు తెరిపియ్యలే, చూడకనే సంతకం పెట్టిన." ఊపిరి తీసుకున్నాడు. "నిన్న అడుగంగనే నిజమే చెప్పిండు మేడం. నిజమని నాకు అప్పుడే తెలిసింది. తెలిసినంకనే ఎక్కువ కొట్టిన."

దయారత్నం కుర్చీలోంచి లేచి వచ్చి ఫెడీమని చెంప మీద కొట్టాడు. రాఘవేందర్ పళ్ల మధ్య నాలుక నలిగింది.

"పవిత్రమైన స్థలాన్ని కసాయి కొట్టు చేశావు కదరా," అన్నాడు ఆయన, గొంతు ఏమాత్రం పెంచకుండా. "ప్రార్థన మీదికి నెడతావా?"

"ప్రార్థనల కండ్లు తెరుస్తే దొంగ అని కొట్టి నేర్పింది మీరే గద సార్."

రెండో దెబ్బ పడేలోపు డాక్టరమ్మ మధ్యలోకి వచ్చింది. తెల్లకాగితం, పెన్ను రాఘవేందర్ చేతికిచ్చి, ఇప్పుడు అన్నదంతా రాయమంది. అతను గోడకి కాగితం ఆనించి నిలబడి రాశాడు. అక్షరాలు వంకర పోయాయి. చూడకనే సంతకం పెట్టిన అని రాశాడు. తెలిసి కొట్టిన అని కూడా రాశాడు. డాక్టరమ్మ అది మడిచి తన బ్యాగులో పెట్టుకుంది.

"ఈ విషయం బయటికి ఎందుకండీ డాక్టర్ గారూ," అన్నాడు దయారత్నం.

"ఎందుకో మీకు తర్వాత తెలుస్తది," అని, నేతన్ డిశ్చార్జి కాగితం మీద ఆవిడ సంతకం పెట్టింది. పరీక్ష తన క్లినిక్‌లో మళ్లీ చేయిస్తానంది.

మెట్ల కింది గదిలో రాఘవేందర్ సామాను ఒక చేతిసంచిలో సరిపోయింది. వీధిలోకి వచ్చేసరికి గేటు పక్కన సెరీనా, నేతన్ ఆటో కోసం నిలబడి ఉన్నారు. ఇస్త్రీ చొక్కా భుజాల దగ్గర వదులుగా ఉంది. నేతన్ గోడ పట్టుకుని నిలబడ్డాడు. చెప్పులు అతని పాదాలకి పట్టలేదు, సెరీనా సంచిలో పెట్టుకుంది. పెదవి చూపించి ఏమైందని అడుగుతున్నట్టుంది, అతను బాత్రూము అంటున్నాడు.

రాఘవేందర్ తల వంచుకుని పక్కనుంచి పోబోయాడు. ఆమే పిలిచింది.

"అన్నా, పోతున్నం. మూడు నెలలు కంటికి రెప్పోలె చూసుకున్నరు మా ఆయనను. మీ రుణం తీర్చుకోలేం."

ఆ మాట అతను విననట్టు వెళ్లిపోయి ఉండొచ్చు. కాగితం రాసిచ్చాడు, ఉద్యోగం పోయింది, ఇంకా ఎవరికేం బాకీ అనుకుని ఉండొచ్చు. సంచి కింద పెట్టాడు.

"నేనే కొట్టిన అక్కా. ఆ కాళ్లు, ఆ పెదవి, అన్ని నేనే. ఆయన తప్పు ఏం లేకుండె. ఏం లేదని తెలిసే కొట్టిన."

సెరీనాకి మొదట అర్థం కాలేదు. అతని మొహం, భర్త పాదాలు, మళ్లీ అతని మొహం చూసింది. అర్థం కాగానే వంగి కాలి చెప్పు తీసింది. మొదటి దెబ్బ చెవి మీద పడింది. రెండోది మెడ మీద. మాట్లాడకుండా, ఊపిరి బిగబట్టి, చెయ్యి బారెడు వెనక్కి తీసి కొడుతోంది. ఆటో అతను బండి ఆపి చూస్తున్నాడు. రాఘవేందర్ చెయ్యి అడ్డం పెట్టలేదు. ప్రతి దెబ్బకీ ఒంట్లో ఏదో బరువు దిగుతున్నట్టు, ఇవి పడాల్సినవే అన్నట్టు నిలబడ్డాడు. నిజం చెప్పాలంటే అతనికి హాయిగానే ఉంది.

ఐదో దెబ్బకో ఆరో దెబ్బకో వెనకనుంచి మూలుగు వినిపించి సెరీనా తిరిగి చూసింది.

నేతన్ గోడవారన గొంతుక్కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ తల మీద కప్పుకుని, పాదాలు కిందికి దాచుకుని, వీలైనంత చిన్నగా ముడుచుకుపోయాడు. అతన్ని ఎవరూ తాకలేదు. దెబ్బలన్నీ రాఘవేందర్ మీదే పడ్డాయి. ప్రతి చప్పుడికీ వణికింది మాత్రం నేతన్.

సెరీనా చేతిలోని చెప్పు జారిపోయింది. "నిన్ను కాదయ్యా," అంది. "నిన్ను కాదు, ఇటు చూడు, నిన్ను కాదు." పక్కన మట్టిలో కూర్చుని అతని చేతులు దించబోయింది. అవి దిగలేదు.

సాయం పడదామని రాఘవేందర్ ఒక అడుగు ముందుకి వేశాడు. ఆ అడుగు చప్పుడు నేతన్‌కి తెలుసు. ఇంకా దగ్గరికి ముడుచుకుని మోకాళ్ల మధ్య తల దాచుకున్నాడు.

రాఘవేందర్ ఆగిపోయాడు. సంచి కూడా తీసుకోకుండా, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా సందు చివరిదాకా నడిచి వెళ్లాడు. అతను మలుపు తిరిగాక చాలాసేపటికి గానీ నేతన్ చేతులు దించలేదని ఆటో అతను తర్వాత వజ్రమ్మకి చెప్పాడు.